పచ్చడి సీసా మీద లావు సెరిఫ్ అక్షరం ఎందుకు పూడిపోతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పచ్చళ్ల వ్యాపారానికి సీసా లేబులూ, దుకాణం బోర్డూ చేస్తున్నారు. పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉండాలి. కూపర్ బ్లాక్ లాంటి లావాటి సెరిఫ్ ఫాంటు (గీతల కొసల్లో చిన్న పాదాల్లాంటివి, అంటే సెరిఫ్‌లు, ఉండే రకం) పెడితే తెర మీద ముద్దొచ్చింది, అచ్చయి వచ్చాక ముద్దయింది. ఆ ఫాంటు ఎంపికే తప్పా? లేక మామూలు సెరిఫ్ ఫాంటుకి కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అవుట్‌లైన్ (అక్షరం అంచు చుట్టూ గీత) తగిలించి లావు చేసుకుంటే నయమా? పక్కన తెలుగు ఏ ఫాంటులో పెట్టాలి?

ముందు అవుట్‌లైన్ సంగతి చెబుతాను. అది తేలితే మిగతా ప్రశ్నలకు సగం దారి పడుతుంది.

అవుట్‌లైన్‌తో లావు చేయకండి. ఎందుకో ఒక్క అక్షరంతో చూపిస్తాను. ఇంగ్లీషు చిన్నబడి 'ఈ' (e) తీసుకోండి. ఫాంటు గీసేవాళ్లు అక్షరం కూర్చునే నిలువు చోటును సాధారణంగా 1000 యూనిట్లుగా లెక్కేస్తారు. చదువుకునే పుస్తకాల ఫాంటులో నిలువు కాడ మందం 85 యూనిట్లు, సన్నగీత మందం 30 యూనిట్లు అనుకోండి. 'ఈ' తల దగ్గర మూసుకున్న చిన్న కన్ను ఎత్తు 150. దీనికి ఇరువైపులా 40 యూనిట్ల చొప్పున పడేలా అవుట్‌లైన్ ఇచ్చారు. కాడ 165 అయింది, అంటే రెండింతలు కూడా కాలేదు. సన్నగీత 110 అయింది, దాదాపు నాలుగింతలు. కన్ను 70కి కుంచించుకుపోయింది. పక్క అక్షరానికీ దీనికీ మధ్య ఉన్న సందు రెండు వైపుల నుంచీ 40 చొప్పున తగ్గి, ఉందా లేదా అన్నట్టు మిగిలింది. అక్షరం అడుగు కూడా అక్షరాలన్నీ కూర్చునే గీత దాటి 40 కిందికి జారింది. లావు కావాల్సిన చోట చాలినంత కాలేదు, సన్నగా ఉండాల్సిన చోట ఉబ్బింది, తెల్లగా ఉండాల్సిన చోటల్లా నల్లబడింది.

అసలైన లావు అక్షరం గీసేవాడి కష్టం వేరే ఉంటుంది. డిస్‌ప్లే సెరిఫ్‌లో, అంటే శీర్షికల కోసం గీసిన లావు రకంలో, నిలువు కాడ 200 యూనిట్లు దాటుతుంది. చిన్నబడి అక్షరం ఎత్తేమో 520 దగ్గర ఆగుతుంది. 'ఈ' మధ్యలోంచి పై నుంచి కిందికి సూటిగా ఒక గీత దించితే మూడు చోట్ల నలుపు తగులుతుంది: పై వంపు, నడిమి అడ్డగీత, కింది వంపు. మూడింటికీ 200 చొప్పున ఇస్తే 600. ఇంటి ఎత్తే 520 అయితే 600 సామాను ఎక్కడ పడుతుంది? కాబట్టి అడ్డంగా పోయే గీతలు వంద, అంతకన్నా తక్కువ దగ్గరే ఆగిపోవాలి. పెరగగలిగింది నిలువు గీతలే. నిలువుకి అక్షరాన్ని పక్కకి సాగదీసి చోటివ్వొచ్చు, అడ్డానికి ఆ వెసులుబాటు లేదు. లావు పెరిగేకొద్దీ సెరిఫ్ ఫాంటులో మందపు గీతకీ సన్నగీతకీ తేడా పెరిగేది అందుకే. అలంకారం కోసం చేసింది కాదది, చోటు లేక జరిగింది.

అందుకే ఈ తరహా ఫాంటు గీసేటప్పుడు నేను నలుపుతో మొదలుపెట్టను. 'ఎన్', 'ఓ' అక్షరాల లోపలి తెలుపు ఎంత ఉండాలో ముందు తేల్చుకుంటాను. ఆ తెలుపు నిలబడేంత వరకే కాడ లావు. 'ఎమ్'లో మూడు కాళ్లుంటాయి కాబట్టి ప్రతి కాలూ పది ఇరవై యూనిట్లు బక్కచిక్కాలి, లేకపోతే వాక్యంలో ఎక్కడ 'ఎమ్' వచ్చినా అక్కడ నల్ల మచ్చ పడ్డట్టుంటుంది. కాడ నుంచి వంపు బయల్దేరే మూల దగ్గర నలుపు పేరుకుంటుంది, అక్కడ లోపలికి చెక్కాలి. ఇక 'ఏ', 'ఈ', 'ఎస్' మూడూ మొండి ఘటాలు. ఎవరైనా కొత్త లావు సెరిఫ్ తెచ్చి చూపిస్తే ముందు ఆ మూడే చూస్తాను. మిగతా అక్షరాలు ఎంత సోకుగా ఉన్నా ఆ మూడూ ఊపిరాడకుండా ఉంటే ఆ ఫాంటు పెద్ద పోస్టరుకి తప్ప పనికిరాదు.

ఇప్పుడు మీ కూపర్ బ్లాక్. దీన్ని గీసిన ఆస్వాల్డ్ కూపర్ 1879లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. షికాగోలో ప్రకటనలకు చేత్తో అక్షరాలు రాయడం ఆయన వృత్తి. ఫ్రెడ్ బర్ట్ష్ అనే ఆయనతో కలిసి బర్ట్ష్ అండ్ కూపర్ అనే స్టూడియో నడిపాడు. అదే ఊళ్లోని అచ్చక్షరాల కంపెనీ బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ ఆయన చేత కొన్ని సీసపు అక్షరాలు గీయించింది. వాటిలో కూపర్ బ్లాక్ 1922లో బయటికొచ్చింది. పుస్తకాల సంప్రదాయంలో పెరిగిన ముద్రాపకులు దాన్ని నల్ల పీడ అని ఈసడించుకున్నారు. కూపర్ ఏమీ నొచ్చుకోలేదు. ఇది ముందుచూపున్న ముద్రాపకులకూ, చూపు ఆనని వాళ్ల ఖాతాదారులకూ అని ఎదురు చమత్కారం ఆడాడు. ప్రకటనల వాళ్లు ఎగబడి కొన్నారు. పోటీ కంపెనీలు ఊరుకుంటాయా? 1924లో లడ్లో బ్లాక్, 1925లో లాన్‌స్టన్ మోనోటైప్ వాళ్ల గౌడీ హెవీఫేస్, 1928లో లైనోటైప్ వాళ్ల పాబ్‌స్ట్ ఎక్స్‌ట్రా బోల్డ్ వరసగా దిగాయి. తమాషా ఏమిటంటే, ఫ్రెడరిక్ గౌడీ ఒకప్పుడు షికాగోలో కూపర్‌కి పాఠాలు చెప్పిన గురువు. శిష్యుడి అక్షరానికి పోటీగా గురువు చేత గీయించారన్నమాట.

కూపర్ బ్లాక్‌ని బాగా పెద్దది చేసి చూడండి. పదునైన మూల ఎక్కడా దొరకదు. సెరిఫ్ చివరలు గుండ్రం. సెరిఫ్ అడుగు కూడా చదునుగా ఉండదు, కొంచెం ఉబ్బుగా ఉండి గీతని ఒక్క చోటే తాకుతుంది. 'ఓ' లోపలి తెలుపు నిటారుగా కాకుండా ఎడమకి వాలి ఉంటుంది. సన్నగా ఉండాల్సిన భాగాలు కూడా మరీ సన్నగా ఉండవు. ఇవన్నీ ముచ్చట కోసం చేసినట్టు కనిపిస్తాయి కానీ అచ్చులో వీటికి గట్టి ప్రయోజనం ఉంది. సిరా కాగితం మీద పడగానే చుట్టూ కాస్త పాకుతుంది. పాకినప్పుడు మొదట పోయేవి పదును మూలలు, తరవాత సన్నగీతలు. కూపర్ అక్షరంలో పోవడానికి మూలలూ లేవు, వెంట్రుకవాసి గీతలూ లేవు. సిరా చేయబోయే పనిని ఆయన ముందే చేసిపెట్టాడు. అందుకే నాసిరకం కాగితం మీదా, టీషర్టు మీదా, గోనెసంచి మీదా ఈ అక్షరం పోలిక చెడదు.

చెడేది ఒక్కటే: లోపలి తెలుపు. మీ లేబుల్ మీద పూడింది కూడా అదే.

రెండో రకం లావు సెరిఫ్ ఒకటుంది, దాన్ని కూడా మీరు చూసే ఉంటారు. కాడలు దూలాల్లా, సన్నగీతలు దారాల్లా ఉండే రకం. ఇంగ్లీషులో ఫ్యాట్ ఫేస్ అంటారు. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో పుట్టింది, రాబర్ట్ థోర్న్ అనే అచ్చక్షరాల తయారీదారు పేరుతో దీన్ని ముడిపెడతారు. అప్పటి లాటరీ పోస్టర్ల నిండా ఇవే అక్షరాలు. థోర్న్ పోయాక 1820లో ఆ కంపెనీని విలియం థోరోగుడ్ కొన్నాడు, అదీ లాటరీలో గెలిచిన డబ్బుతో అని చెబుతారు. తర్వాత 1928లో అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసిన అల్ట్రా బొడోనీ, ఇప్పుడు ఉచితంగా దొరికే ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ ఈ వంశానివే. పత్రిక శీర్షికకీ, పట్టుచీరల ప్రకటనకీ, గాజు అద్దం మీద బంగారు రంగులో రాయడానికీ ఇవి రాజసంగా ఉంటాయి. పచ్చడి సీసాకి మాత్రం నేను వద్దంటాను. ఈ అక్షరం దూరంగా నిలబడి ఠీవిగా మాట్లాడుతుంది, మీకు కావాల్సింది వంటింట్లోంచి పలకరించే గొంతు. పైగా అచ్చులో దీని బాధలు వేరు.

ఆ బాధల్ని కొలతల్లో చూద్దాం, ఎందుకంటే ప్రెస్‌లో మీకెవరూ ఈ లెక్క చెప్పరు. 24 పాయింట్ల అక్షరమంటే 1000 యూనిట్లు దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. లావు సెరిఫ్‌లో 'ఈ' కన్ను ఎత్తు 60 యూనిట్లు ఉందనుకోండి, అది అర మిల్లీమీటరు. అదే అక్షరం 12 పాయింట్లలో పావు మిల్లీమీటరు. స్టిక్కర్ లేబులు మీద అర మిల్లీమీటరు కన్నా చిన్న తెల్ల సందు పూడిపోతుందనే లెక్కేసుకుని పని చేస్తాను నేను. మంచి ఆఫ్‌సెట్‌లో, ఆర్ట్ పేపర్ మీద అంతకన్నా చిన్నది కూడా నిలుస్తుంది, కానీ మీ పని ఎప్పుడూ మంచి మెషీన్ మీదే పడుతుందన్న హామీ లేదు. ప్లాస్టిక్ పౌచ్ మీద, స్క్రీన్ ప్రింటింగ్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. ఇక ఫ్యాట్ ఫేస్‌లో సన్నగీత 20 యూనిట్లు ఉంటే 24 పాయింట్లలో అది మిల్లీమీటరులో ఆరో వంతు. అర మిల్లీమీటరు కావాలంటే అక్షరం 70 పాయింట్లు దాటాలి. మీ సీసా మీద అంత చోటుందా?

అంటే ఫాంటు ఎంచుకునే ముందు సైజు తేల్చుకోవాలి. మీరు పెద్ద తెర మీద నాలుగింతలు చేసుకుని చూసి ఎంపిక చేశారు, సీసా మీద అది బొటనవేలంత. లేబుల్‌ని అసలు కొలతలో, మీ దగ్గరున్న మామూలు లేజర్ ప్రింటరు మీద తీసి, సీసాకి చుట్టి, బల్ల అవతల పెట్టి చూడండి. తెర మీద చూసిన అక్షరమూ ఇదీ ఒకటేనా అనిపిస్తుంది.

రంగు సంగతి కూడా. పచ్చడి లేబుళ్లకి ఎర్ర నేల మీద తెల్ల అక్షరం అందరికీ ఇష్టం. అలా తిరగేసినప్పుడు సిరా పాకేది అక్షరం లోపలికి. అక్షరం లోపలి సందులు కాస్త తెరుచుకుంటాయి, సన్నగీతలు మాత్రం మాయమవుతాయి. కూపర్ బ్లాక్ లాంటిదైతే ఇందులో లాభపడుతుంది, ఫ్యాట్ ఫేస్ అయితే చెదలు తిన్నట్టవుతుంది. నేల రంగుని మూడు నాలుగు సిరాలు కలిపి తయారుచేస్తే మాత్రం, ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకి జరిగినా తెల్ల అక్షరం అంచున గులాబీ రంగో నీలమో తొంగిచూస్తుంది. వీలైతే ఒకే స్పాట్ కలర్‌లో (ముందే కలిపి ఉంచిన ఒకే సిరాతో) వేయించండి.

మరి ఏది వాడాలి? మీ సిస్టమ్‌లో కూపర్ బ్లాక్ ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను: మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క బరువు, అంటే గీత మందం ఒకే రకం. దాన్ని సెలెక్ట్ చేసి 'బి' బటన్ నొక్కారంటే సాఫ్ట్‌వేర్ తన సొంత తెలివితో ఇంకాస్త నలుపు పులుముతుంది. మీరు పంపిన లేబుల్ వివరాల్లో 'కూపర్ బ్లాక్, బోల్డ్' అని ఉంది చూశారా, మీ పూడికలో సగం అక్కడే ఉంది. వెబ్‌సైటులోనూ ఇదే జరుగుతుంది. ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ లాంటి ఒకే బరువు ఫాంట్లు చూడ్డానికి ఎంత లావైనా సాంకేతికంగా 'రెగ్యులర్, 400' కింద నమోదై ఉంటాయి. బ్రౌజర్ శీర్షికలన్నిటికీ తనంతట తాను బోల్డ్ అడుగుతుంది, ఫాంటులో బోల్డ్ లేకపోతే పులిమి చూపిస్తుంది. శీర్షికకి వెయిట్ 400 అని స్పష్టంగా రాయండి, తెర ఒక్కసారిగా తేటపడుతుంది.

కూపర్ బ్లాక్‌తోనే ఉంటానంటే నాకు అభ్యంతరం లేదు. పాతదైపోయిందని అనేవాళ్లుంటారు. ఆ మాట 1950ల్లో కూడా అన్నారు. 1960ల్లో ఫొటో కంపోజింగ్ (అక్షరాల్ని ఫొటోగా తీసి పేర్చే పద్ధతి), రుద్ది అతికించే లెట్రాసెట్ అక్షరాలూ రాగానే మళ్లీ లేచి కూర్చుంది. దానికో కారణముంది. సీసపు అక్షరం ఒక దిమ్మ మీద కూర్చుంటుంది, రెండు దిమ్మలు తగిలాక ఇంకా దగ్గరికి జరపలేం. ఫొటోలో ఆ దిమ్మ లేదు. గుండ్రటి అక్షరాల్ని ఒకదానికొకటి ఆనించేంత దగ్గరగా పేర్చేసరికి కూపర్ బ్లాక్‌కి కొత్త రూపం వచ్చింది. 1966లో వచ్చిన బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్' ఆల్బం అట్ట మీద చూడొచ్చు. ఈజీజెట్ విమానాల మీద నారింజ రంగులో ఉన్నదీ ఇదే. 2017లో అమెరికా పెరుగు కంపెనీ చోబానీ తన పాత పలచటి అక్షరాల్ని తీసేసి మెత్తటి లావు సెరిఫ్‌కి మారింది. ఆ తర్వాత తినుబండారాల ప్యాకెట్లన్నీ అదే దారి పట్టాయి. 2018లో వచ్చిన రికోలెటా అనే ఫాంటు ఈ గాలిలో ఊరూరా తిరిగింది. ఇప్పుడు కాఫీ కొట్టు నుంచి సబ్బు దాకా అందరిదీ ఒకే ముఖం. మీ పచ్చడి కూడా ఆ గుంపులో కలిసిపోతుందనేదే నా సందేహం, అక్షరం చెడ్డదని కాదు.

ఖర్చు లేకుండా, కాస్త వేరుగా కావాలంటే ఫ్రాన్సెస్ (Fraunces) చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. విండ్సర్, సువెనీర్, కూపర్ అక్షరాల పోలికలు తీసుకుని గీసిన వేరియబుల్ ఫాంటు, అంటే ఒకే ఫైలులో మీటలు జరిపి రూపం మార్చుకోగలిగేది. మామూలుగా బరువు ఒక్కటే మారుతుంది, ఇందులో ఇంకో మూడు మీటలున్నాయి. ఒకటి అక్షరం మూలలు ఎంత మెత్తగా ఉండాలో నిర్ణయిస్తుంది, 0 నుంచి 100 దాకా. ఒకటి 'ఎన్', 'ఎమ్', 'హెచ్' అక్షరాలకు కొంటెగా ఒక వాలు ఇస్తుంది. మీకు అన్నిటికన్నా పనికొచ్చేది మూడోది: 9 పాయింట్ల నుంచి 144 పాయింట్ల దాకా, అక్షరం ఏ సైజులో అచ్చవుతుందో చెబితే దానికి తగ్గట్టు రూపం మారుతుంది. 144 వైపు జరిపితే సన్నగీతలు బాగా సన్నబడి, అక్షరాలు దగ్గరవుతాయి. 9 వైపు జరిపితే సన్నగీతలు బలపడి, సందులు వెడల్పవుతాయి. బోర్డుకి 144, సీసా మీది పేరుకి అసలు పాయింట్ సైజు, చిన్న సాచెట్‌కి ఇంకా తక్కువ పెట్టండి. ఒకే ముఖం, కానీ ప్రతి సైజుకీ విడిగా గీసినట్టే. ఈ సౌకర్యం సీసపు అక్షరాల కాలంలో మామూలు విషయం, ఒక్కో సైజుని విడిగా చెక్కేవాళ్లు. ఫొటో వచ్చాక ఒకే నెగెటివ్‌ని పెంచీ తగ్గించీ పాడుచేశారు.

అయితే ఏది వాడినా కావలసిన పదార్థాల జాబితాకీ, చిరునామాకీ, తయారీ తేదీకీ దీన్ని వాడకండి. అక్కడ నిరాడంబరమైన సాన్స్ (సెరిఫ్‌లు లేని ఫాంటు) చాలు.

కెర్నింగ్ (ఒక్కో అక్షరాల జత మధ్య ఎడాన్ని విడిగా సర్దడం) లేకుండా లావు ఫాంటు వాడటమంటే సగం వాడినట్టే. సూత్రం చిన్నది: అక్షరాల మధ్య తెలుపు, అక్షరాల లోపలి తెలుపుకి సాటిగా కనిపించాలి. లావు అక్షరం లోపల తెలుపు తక్కువ, కాబట్టి మధ్యలోనూ తగ్గించాలి. ఇది పెద్ద సైజుకే. చిన్న సైజులో తగ్గిస్తే అతుక్కుపోతాయి. మీ సరుకులో 'ఆవకాయ' ఉంది కదా, దాన్ని ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో రాసి చూడండి. ఏ, వి, ఏ, కె, ఏ, వై, ఏ. నిలువు కాడ ఉన్నది ఒక్క 'కె'కే, మిగతావన్నీ ఏటవాలు. 'ఏ'కీ 'వి'కీ మధ్య వాలు వాలుకి సరిపడి ఒకదానిలో ఒకటి దూరతాయి, 'కె' దగ్గరికి వచ్చేసరికి 'ఏ' పాదం 'కె' కాలికి తగిలి పైన పెద్ద ఖాళీ పడుతుంది. అన్ని జతలకీ ఒకేలా ట్రాకింగ్ (పదమంతటి ఎడం) తగ్గిస్తే ఆ పాదాలు ఢీకొంటాయి, పై ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ముందు తగ్గించలేని ఆ ఖాళీని ఒప్పుకోండి, మిగతా జతల్ని దానికి సరిపడా కొంచెం వదులు చేయండి. కాగితాన్ని తలకిందులు చేసి చూస్తే పదం కనిపించడం మానేసి ఖాళీలు కనిపిస్తాయి. లేదా చిన్నబడిలోకి మారండి, నా ఓటు దానికే. కూపర్ కుటుంబపు అక్షరాల అందమంతా చిన్నబడిలోనే ఉంది, పెద్దబడిలో వరసగా పేరిస్తే బస్తాలు పేర్చినట్టుంటుంది.

బోర్డు గురించి రెండు మాటలు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అనే మోటు లెక్క బోర్డుల వాళ్లు చెబుతారు, దాన్ని చిన్నబడి అక్షరం ఎత్తుకి వర్తింపజేయండి. ఎల్‌ఈడీ పెట్టిన అక్షరాలైతే రాత్రిపూట వెలుగు అంచుల బయటికీ, సందుల లోపలికీ పొంగుతుంది. లోపలి తెలుపు పగలు ఉన్నంత రాత్రి ఉండదు. అందుకని బోర్డుకి లేబుల్ కన్నా ఒక మెట్టు తక్కువ బరువు తీసుకుని, అక్షరాల మధ్య ఎడం కాస్త పెంచమని నా సలహా.

తెలుగు దగ్గరికొద్దాం. తెలుగు అక్షరానికి సెరిఫ్ లేదు, తగిలించే ప్రయత్నం చేయకండి. తలకట్టు సెరిఫ్ కాదు, అది అక్షరంలో భాగం. ఇంగ్లీషుకి జోడీ వెతికేటప్పుడు చూడాల్సింది రెండే: ఒంపుల తీరు, నలుపు పాళ్లు. కూపర్ తరహాకి గుండ్రంగా, బొద్దుగా, మూలలు మెత్తగా ఉండే తెలుగు నప్పుతుంది. ముంబయి ఏక్ టైప్ వాళ్ల బాలూ తమ్ముడు సరిగ్గా ఆ స్వభావంలోనే ఉంటుంది, బరువులూ చాలా ఉన్నాయి. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లలో రామభద్ర కూడా శీర్షికలకి దిట్టంగా ఉంటుంది. డీటీపీ సెంటర్‌లో అనూ ఫాంటు ఏదో ఒకటి పెట్టేస్తామంటే ఊరుకోకండి, పక్కపక్కన అచ్చు తీసి చూశాకే ఒప్పుకోండి.

తెలుగులో లావు ఇంగ్లీషులో కన్నా కఠినం. ద, ధ, థ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మూడింటికీ ఒళ్లు ఒకటే. తేడా అంతా అడుగున చిన్న గీతలోనూ, కడుపులో చుక్కలోనూ ఉంది. అక్షరం లావెక్కి కడుపు చిన్నదయ్యేసరికి చుక్క గోడలకి అంటుకుంటుంది, అడుగు గీత ఒంట్లో కలిసిపోతుంది. డ, ఢ సంగతీ అంతే. తలకట్టుకీ ఒంటికీ మధ్య సందు కూడా ముందు మూసుకునే చోటే. పైగా కింద వత్తులు. 'ఆవకాయ', 'గోంగూర' అన్నవి వత్తుల్లేని పేర్లు, సుఖం. 'నిమ్మకాయ', 'పండుమిర్చి', 'అల్లం' రాగానే కింద ఇంకో అంతస్తు లేస్తుంది, ఆ వత్తు చిన్నదైనా దాని గీత పై అక్షరమంత నల్లగా కనిపించాలి. ఫాంటు ఎంచుకునేటప్పుడు 'ఆవకాయ' టైప్ చేసి చూసి మురిసిపోకండి, 'పండుమిర్చి' టైప్ చేసి చూడండి. మీ జాబితాలోని అన్ని పచ్చళ్ల పేర్లూ ఒకే కొలతలో పట్టాలి కదా.

బరువు సరిచూసేటప్పుడు పాయింట్ల అంకెల్ని నమ్మకండి. ఒకే 36 పాయింట్లలో ఒక్కో ఫాంటులో తెలుగు ఒక్కో ఎత్తులో ఉంటుంది. తెలుగు అక్షరం ఒళ్లు ఇంగ్లీషు చిన్నబడి ఎత్తుకన్నా కొంచెం పైకి, పెద్దబడి ఎత్తుకన్నా కిందికి వచ్చేలా సర్దండి. గీత మందం మాత్రం ఇంగ్లీషు కాడ కన్నా ఒక పాలు తక్కువే ఉండనివ్వండి. తెలుగులో ఒకే అక్షరంలో ఒంపులెక్కువ, సమానమైన మందంలో పెడితే తెలుగే నల్లగా కనిపిస్తుంది. ఇల్లస్ట్రేటర్, ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు వాడుతుంటే భారతీయ భాషల కంపోజర్ ఆన్ చేశారో లేదో చూసుకోండి. లేకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి, ఆ తప్పు ప్రెస్‌లో ఎవరూ పట్టుకోరు.

ఇంకో చిక్కు ధర దగ్గర వస్తుంది. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, అంతకుముందు తయారైన ఫాంటు ఫైళ్లలో అది ఉండే వీల్లేదు. మీరు టైప్ చేస్తే సాఫ్ట్‌వేర్ వేరే ఫాంటులోంచి బక్కచిక్కిన గుర్తొకటి తెచ్చి లావు అంకెల పక్కన నిలబెడుతుంది. సొంతంగా గీయాలంటే పైన చెప్పిన 'ఈ' లెక్కే ఇక్కడా. తల మీద రెండు అడ్డగీతలు, మధ్యలో తెల్ల సందు, వాటిని చుట్టి వచ్చే వంపు, దాని కింద ఏటవాలు కాలు. రెండు అడ్డగీతలూ, సందూ ఒక్కొక్కటి 80 యూనిట్లకి మించకుండా ఉంచి, లావంతా వంపు కుడిపక్కకీ, కాలికీ ఇవ్వండి. కాలు అంకెల అడుగు దగ్గరే ఆగాలి. అంత ఓపిక లేకపోతే లేబుల్ మీద 'రూ.' అని తెలుగు ఫాంటులోనే పెట్టండి, చూడ్డానికి బాగానే ఉంటుంది.

ప్రెస్‌కి పంపేటప్పుడు ఫాంటు ఫైలు ఇవ్వకండి, అక్షరాల్ని కర్వ్‌లుగా (ఫాంటుతో పని లేని గీసిన ఆకారాలుగా) మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. మార్చని కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. మామిడికాయల రేటు పెరిగి ధర మార్చమన్నప్పుడు మళ్లీ టైప్ చేయాల్సింది మీరే.